వెనక్కి తిరిగొచ్చే వెలుగును కొలిచిన మా సార్

మొన్న మంగళవారం ఉదయం అమ్మగారు ఫోన్ చేశారు. సార్ భార్యను మేమంతా అమ్మగారనే పిలుస్తాం. నేను కాలేజీలో పరీక్షల డ్యూటీకి బయల్దేరుతూ చెప్పుల్లో కాలు పెట్టబోతున్నాను.

"మీ సార్ పొయినారమ్మా" అన్నారు. "కాఫీ కలుపుకొని వచ్చేలోపల పొయినారు. పిలిస్తే పలకలేదు. నువ్వు నిదానంగా రా. పిల్లలకు అన్నం పెట్టే రా."

ఆమె గొంతులో ఏడుపు లేదు. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో రెండు గంటలు. ఆ రెండు గంటలూ కిటికీ పక్కన కూర్చొని ఏమేమి చూశానో గుర్తులేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాసి పెట్టాలనుకున్నది మాత్రం ఆ బస్సులోనే. ఎందుకంటే ఆయన గురించి ఇంకెవరూ రాయరు.

మీరెవరూ ఆయన పేరు విని ఉండరు. తిరుపతిలో యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పేవారు. ఆయన పుస్తకాలు రాయలేదు, సన్మానాలు చేయించుకోలేదు. ఆయన దగ్గర పరిశోధనకు చేరిన వాళ్ళం చాలా తక్కువ. చేరి, పట్టా తెచ్చుకోకుండా వెళ్ళిపోయిన దాన్ని నేనొక్కదాన్నే.

ఆయన పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. సెమీకండక్టరు లేజరు అనేది ఆవగింజ కంటే చిన్న ముక్క. దానిలోకి పంపే కరెంటు ఎలా పెరిగి తగ్గితే అది ఇచ్చే వెలుగూ అలాగే పెరిగి తగ్గాలి. టెలిఫోనులో మాట, టీవీలో బొమ్మ ఆ వెలుగు మీద ఎక్కి గాజు తీగలో దూరాలు పోతాయి. అయితే దారిలో ఏదో ఒక అతుకు దగ్గర ఆ వెలుగులో రవ్వంత వెనక్కి తిరిగి మళ్ళీ లేజరులోకే వచ్చి పడితే, లేజరు తడబడుతుంది. మనం ఇచ్చిన సంకేతం ఒకటైతే అది పంపేది మరొకటి అవుతుంది. ఎంత వెలుగు వెనక్కి వస్తే సంకేతం ఎంత చెడుతుంది? సార్ తన ఉద్యోగ జీవితంలో సగానికి పైగా దీన్ని కొలవడానికే పెట్టారు.

తొంభైల మధ్యలో మా నాయన నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. మామిడి తోట తప్ప మాకు ఇంకో లోకం తెలియదు. నాయన తెల్ల పంచె కట్టుకొని, బుట్టెడు కాయలు పట్టుకొని, ల్యాబు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"సార్, మా పాప బాగా సదువుతాది. ఈ పరిశోధన అయ్యేదానికి ఎన్నేండ్లు పడతాది?" అని అడిగాడు.

సార్ పెన్సిలు చెక్కుతున్నారు. బ్లేడుతో చాలా నెమ్మదిగా చెక్కేవారు. నుదుట సన్నటి ఎర్రటి గీత. వాళ్ళది గుళ్ళో సేవ చేసుకునే వైష్ణవుల కుటుంబం. ఆయన ఒక్కరే సైన్సు వైపు వచ్చారు.

"చెప్పలేనండీ. నాది నాకే ఇంకా తెమల్లేదు" అన్నారు.

బయటికి వచ్చాక నాయన నాతో అన్నాడు. "అయ్యోరు నిజం చెప్పినాడు. ఇంకొకరైతే మూడేండ్లని చెప్పుండేవాళ్ళు. ఈయన కాడే సేరు పాపా."

అలా చేరాను.

ఆ ల్యాబులో ఏముండేదో చెప్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. లేజరు పనికి కదలని బల్ల కావాలి. అలాంటి బల్ల కొనే స్తోమత మా డిపార్టుమెంటుకు లేదు. సార్ చిత్తూరు దగ్గర గ్రానైటు కోసే చోటికి వెళ్ళి, మూల విరిగిందని పక్కన పడేసిన ఒక బండను అడిగి తెచ్చుకున్నారు. దాని కింద గాలి కొట్టిన స్కూటరు ట్యూబులు నాలుగు పెట్టారు. నేల అదిరినా ఆ అదురు ట్యూబుల్లోనే ఆగిపోయేది. ఆ బండ మీద ఒక చివర లేజరు, ఇంకో చివర చిన్న అద్దం. లేజరు రావడానికే రెండేళ్ళు పట్టిందట. ఉన్నది అదొక్కటే. దాని వెలుగు కంటికి కనపడదు. మీటరు ముల్లు కదిలితేనే వెలుగు ఉన్నట్టు.

మొదటి మూడు నెలలు నాకు ఒక్క కొలత కూడా రెండోసారి అలాగే రాలేదు. సోమవారం సంకేతం ఎక్కువ చెడినట్టు చూపిస్తే మంగళవారం తక్కువ చూపించేది. అద్దం అక్కడే ఉంది, లేజరు అక్కడే ఉంది, కరెంటు అంతే. ఒకరోజు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సార్, నిన్నటిదీ ఈరోజుదీ ఒకటిగా లేదు. ఏది రాయమంటారు?"

"రెండూ రాయి" అన్నారు. "మనం చూసింది రాయాలమ్మా. మనకు నచ్చింది రాయకూడదు. ఎందుకు తేడా వచ్చిందో తరవాత చూద్దాం."

ఆ 'తరవాత' కోసం ఏడాది పట్టింది. అద్దం వెంట్రుక మందంలో వందో వంతు కదిలినా వెనక్కి వచ్చే వెలుగు లేజరులో కలిసే తీరు మారిపోతుంది. ఒకసారి కలిసి బలపడితే ఇంకోసారి ఎదురుపడి తగ్గిస్తుంది. గదిలో వేడి పెరిగితే చాలు, బండ ఆ మేరకు సాగుతుంది. ఫ్యాను గాలి తగిలితే చాలు. రోడ్డు మీద బస్సు పోతే, ట్యూబులు ఆపగలిగినంత ఆపేవి, మిగిలింది మీటరులో కనిపించేది. అందుకని మేము సెలవు రోజుల్లో, రోడ్డు ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో, ఫ్యాన్లు ఆపేసి, కిటికీలు మూసేసి కూర్చునేవాళ్ళం. తిరుపతి ఎండ సంగతి మీకు తెలియంది కాదు. సార్ తడి తుండు భుజాన వేసుకొని కూర్చునేవారు. నా చెమట పుస్తకం మీద పడకుండా మణికట్టుకు చేతిగుడ్డ చుట్టుకునేదాన్ని.

"ఊపిరి కూడా మెల్లగా పీల్చమ్మా" అనేవారు. హాస్యానికే అనేవారో నిజంగానే అనేవారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం మెల్లగానే పీల్చేదాన్ని.

మధ్యాహ్నం అమ్మగారు పంపిన స్టీలు డబ్బా తెరిచి దద్ధ్యోదనం సగం నా డబ్బా మూతలో పెట్టేవారు. ల్యాబులో తినకూడదని బయట మెట్ల మీద కూర్చునేవాళ్ళం. తింటున్నంతసేపూ ఫిజిక్సు మాట్లాడేవారు కాదు. మా తోటలో కాపు ఎలా ఉందని, నాయన మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగేవారు. ఆయన అడిగే తీరు చూస్తే జవాబు నిజంగా కావాలని తెలిసిపోయేది.

రెండో ఏడు సార్ స్కూటరు మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆసుపత్రికి పోదామంటే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. విరిగిన ఎముకలకు పుత్తూరులో కట్టే కట్టే కట్టించాలని పట్టుబట్టింది. ఫిజిక్సు ప్రొఫెసరు పుత్తూరుకు పోయి, వెదురు బద్దలూ ఆకుపసరూ పెట్టి కట్టిన చేత్తో ల్యాబుకు వచ్చారు. కోడిగుడ్డు సొన వాసన కొడుతోందని ఆయనే ముక్కు చిట్లించుకున్నారు.

"మా అమ్మకు తెలిస్తే ఇంట్లోకి రానియ్యదు. కట్టులో గుడ్డు వేస్తారని ఆమెకు తెలీదు" అని నవ్వారు.

అంతవరకు అద్దాన్ని వెంట్రుకవాసి జరిపే మర ఆయనే తిప్పేవారు. నన్ను ముట్టనిచ్చేవారు కాదు. ఇప్పుడు గత్యంతరం లేదు. నా వెనక స్టూలు మీద కూర్చొని చెప్పేవారు.

"తిప్పు. ఇంకా. ఇంకొంచెం. ఆగు. వేలు తియ్యొద్దు, మర నీ వేలు వేడికి అలవాటు పడనీ. ఇప్పుడు వదులు."

నెలన్నర అలా చెప్పారు. నెలన్నర తర్వాత కట్టు విప్పారు, చెయ్యి బాగా అతుక్కుంది. అయినా మర మళ్ళీ తన చేతిలోకి తీసుకోలేదు. "నీ చెయ్యే నయం" అన్నారు. జీవితంలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే అనుకుంటాను. దాన్ని నేను ఏం చేసుకున్నానో ఇప్పుడు చెప్పాలి.

నాలుగో ఏడు వేసవికి మా దగ్గర కొలతలు చక్కగా వచ్చాయి. వెనక్కి వచ్చే వెలుగు పెంచుతూ పోతే సంకేతం చెడడం మెల్లగా పెరిగి, ఒక దగ్గర ఉన్నట్టుండి ఎగిరిపడేది. గ్రాఫు కాగితం మీద ఆ గీతను సార్ పెన్సిలుతో గీశారు. ఇంకొక పక్షం కొలిస్తే నా థీసిసు పూర్తి.

ఆ రోజు సార్ పరీక్షల డ్యూటీ మీద చిత్తూరు వెళ్ళారు. లేజరుకు పోయే సన్నటి తీగ ఒకటి వదులైంది. సాల్డరింగు పుల్లతో సీసం కరిగించి అతకాలి. దానికి సార్ పెట్టిన నియమం ఒకటుంది. ఇస్త్రీపెట్టెలా కాలే ఆ పుల్లను ముందు వేడెక్కనిచ్చి, ప్లగ్గు పీకేసి, ఆ తర్వాతే లేజరు తీగకు తాకించాలి. ప్లగ్గు ఉండగా తాకిస్తే ఎక్కడో కారే కరెంటు లేజరును చంపేస్తుంది. ఆయన నాకు ఈ సంగతి వందసార్లు చెప్పి ఉంటారు. వందసార్లూ నేను పాటించాను.

ఆ రోజు పొద్దుట్నుంచి కరెంటు లేదు. మూడింటికి వచ్చింది. మళ్ళీ ఎప్పుడు పోతుందో అన్న తొందరలో నేను ప్లగ్గు పీకలేదు. తాకించాను, అతికించాను, స్విచ్చు వేశాను. మీటరు ముల్లు కొంచెం లేచి అక్కడే నిలిచిపోయింది. కరెంటు పెంచాను. ఇంకా పెంచాను. ముల్లు పైకి రాలేదు. లేజరు వెలుగుతోంది గానీ లేజరులా వెలగడం లేదు. మామూలు బల్బు అయిపోయింది.

సార్ సాయంత్రం వచ్చారు. ఒక గంట పరీక్షించి చూశారు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. అప్పటికీ సాల్డరింగు పుల్ల ప్లగ్గు గోడకే ఉంది. తీయాలన్న సంగతి కూడా నాకు తోచలేదు. సార్ వెళ్ళి దాన్ని పీకి, తీగను వేళ్ళకు చుట్టి, అల్మారాలో పెట్టారు.

"సార్, నేను..." అన్నాను.

"సప్లై ఎగిరినట్టుందమ్మా. కరెంటు వచ్చేటప్పుడు ఎగురుతుంది కదా" అన్నారు. "రా, టీ తాగొద్దాం."

లాగ్ పుస్తకంలో కూడా అలాగే రాశారు. మనం చూసింది రాయాలి, నచ్చింది రాయకూడదు అని చెప్పిన మనిషి. ఆయనకు తెలిసి రాశారా, తెలియక రాశారా? ఆయన్ని నేను అడగలేకపోయాను.

ఇంకో లేజరు కోసం ఆయన ఎక్కని గడప లేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. నిధులు లేవన్నారు, వచ్చే ఏడు చూద్దామన్నారు, కొందరు అసలు జవాబే ఇవ్వలేదు. ఉన్న కొలతలతోనే ఇద్దరి పేర్లూ పెట్టి ఒక పత్రికకు వ్యాసం పంపారు. ఇంకొక లేజరు మీద కూడా కొలిచి చూపితే పరిశీలిస్తామని తిప్పి పంపారు. వాళ్ళు అడిగింది న్యాయమే. ఆ ఉత్తరం చదివి సార్ చాలాసేపు దాన్ని మడుస్తూ విప్పుతూ కూర్చున్నారు.

నా ఫెలోషిప్పు గడువు అయిపోయింది. నాయన మంచం పట్టాడు. నేను చిత్తూరులో ఒక కేబుల్ టీవీ సంస్థలో చేరాను. ల్యాబు వదిలేసే రోజు సార్ గేటు దాకా వచ్చారు.

"నీకు నేను ఏమీ చెయ్యలేకపొయినానమ్మా" అన్నారు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. సిటీ బస్సు వచ్చింది. ఎక్కేశాను.

రెండు వేల సంవత్సరం దాటాక మా కేబుల్ సంస్థ రాగి తీగలు తీసేసి గాజు తీగలు వేసింది. కంట్రోల్ రూములో కోర్టు వైపు లైనుకు లేజరు ఉన్న పెట్టె పెట్టారు. వారం తిరక్కుండానే కోర్టు వైపు ఇళ్ళన్నిట్లో బొమ్మ మీద ఏటవాలు చారలు మొదలయ్యాయి. ఒకసారి వచ్చేవి, ఒకసారి పోయేవి. మధ్యాహ్నం ఎండకు ఎక్కువయ్యేవి. మా ఓనరు ఫోన్లు ఎత్తలేక విసిగిపోయి, తప్పంతా లైన్‌మన్ మునిరత్నం మీద వేశాడు. మునిరత్నానికి అప్పటికి యాభై దాటాయి. గాజు తీగలు అతికే పని అతనే పట్టుదలగా నేర్చుకున్నాడు.

"మేడమ్, నేను అతికిందంతా సరిగ్గానే ఉండాది. యాడ తప్పు చేసినానో సూపించండి, ఒప్పుకుంటా" అని నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

వచ్చి పోయే చారలు, ఎండకు మారే చారలు. నాకు అవి ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. సార్‌కు ఫోన్ చేశాను. మరుసటి రోజు పదకొండింటికల్లా బస్సు దిగి వచ్చేశారు. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతిలో అదే గుడ్డ సంచి.

ఆయన పరికరాలేమీ అడగలేదు. జేబులోంచి పెన్సిలు తీశారు. లేజరు పెట్టె నుంచి వచ్చే గాజు తీగను ఆ పెన్సిలు చుట్టూ నాలుగు చుట్లు చుట్టారు. అలా వంచితే వెలుగు కొంత కారిపోతుంది. పోయేది కొంత తగ్గుతుంది, తిరిగొచ్చేది పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, రెండుసార్లు తగ్గుతుంది. అక్కడే ఆ లైనుకు తగిలించిన టీవీలో బొమ్మ కొంచెం మసకబారింది గానీ చారలు మాయమయ్యాయి. పెన్సిలు తీయగానే మళ్ళీ వచ్చాయి.

"లేజరు మంచిదే. ఎక్కడి నుంచో వెలుగు వెనక్కి వస్తా ఉంది" అన్నారు.

తర్వాత ఇద్దరం లైను వెంబడి ఒక్కో పెట్టె తెరుచుకుంటూ పోయాం. పెన్సిలు చుట్టినప్పుడల్లా నేను కంట్రోల్ రూముకు ఫోన్ చేసి చారలు పోయాయా అని అడిగాను. కోర్టు పక్కన ఉన్న పెట్టెకు ఇవతల చుడితే పోతున్నాయి, అవతల చుడితే పోవడం లేదు. ఆ పెట్టెలో ఉంది జబ్బు. అక్కడ గాజు తీగ కొస ఏటవాలుగా ఉండాలి. వెనక్కి వచ్చే వెలుగు పక్కకు జారిపోవడానికి అలా చేస్తారు. సరుకు పంపిన వాళ్ళు ఆ ఒక్కదానికి నున్నగా, బల్లపరుపుగా కోసిన కొసను ఫ్యాక్టరీలోనే బిగించి పంపారు. అది మునిరత్నం అతికింది కాదు. అతని చెయ్యే పడలేదు దాని మీద.

కొస మార్చాం. బొమ్మ అద్దంలా వచ్చింది. ఆనందంగా ఆఫీసుకు తిరిగొస్తే, మునిరత్నాన్ని పొద్దునే తీసేశారని తెలిసింది.

సార్ ఓనరు గది బయట గంటసేపు కూర్చున్నారు. పిలిచాక లోపలికి వెళ్ళి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఓనరు శ్రద్ధగానే విన్నాడు.

"మీరు పెద్దవారు సార్, మీరు చెప్పేది నిజమే. నేను కాదనటం లేదు. కానీ సూడండి, పొద్దున తీసేసి సాయంత్రం పిలిస్తే రేపు నా మాట ఎవురు వింటారు?"

"తప్పు అతనిది కాదు కదండీ."

"కాదు సార్. ఆ సంగతి నాకూ అర్థమైంది."

సార్ లేచి నమస్కారం పెట్టి వచ్చేశారు. బస్టాండులో తిరుపతి బస్సు కోసం కూర్చున్నప్పుడు గుడ్డ సంచిని ఒళ్ళో పెట్టుకున్నారు.

"తప్పు యాడుందో చెప్పగలిగినానమ్మా. మనిషిని మాత్రం నిలబెట్టలేకపొయినాను" అన్నారు.

మునిరత్నం ఆ వేసవి బంగారుపాళ్యం వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి చేరాడు. సీజను పని. తర్వాత ఎక్కడికి పోయాడో నాకు తెలియదు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో అతని తరఫున నేను ఒక్క మాట గట్టిగా మాట్లాడలేదు. సార్ మాట్లాడారు, నేను పక్కన నిలబడ్డాను.

మా స్టోరులో ఇంకో లేజరు పెట్టె వాడకుండా ఉండేది. మొదటిది చెడిపోతే వాడుకోవడానికి. సార్ దాన్ని చూశారు. పది రోజులు ఇస్తే పత్రిక వాళ్ళు అడిగిన కొలత అయిపోతుందని ఓనరుకు ఉత్తరం రాశారు. "చూద్దాం సార్" అన్నాడు. ఏడాది పాటు అదే మాట. స్టోరు తాళం నా దగ్గరే ఉండేది. దసరా సెలవుల్లో తెచ్చిస్తాను, ఎవరికీ తెలియదు అని ఫోన్‌లో చెప్పాను.

"వద్దమ్మా" అన్నారు. "ఆ కొలత కింద ఏ లేజరని రాయాలి నేను?"

ఆ తర్వాత ఒకనాడు ఏదో పని మీద వచ్చినట్టు చిత్తూరు వచ్చారు. సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీశారు. బయటి దేశం వాళ్ళెవరో అచ్చు వేసిన వ్యాసం. అందులో ఒక గీత. మెల్లగా పెరిగి, ఒక దగ్గర ఎగిరిపడుతుంది. మా గ్రాఫు కాగితం మీద గీసిన గీతే.

"చూసినావా? మన గీతే ఇది. మనం సరిగ్గానే కొలిచినాం" అన్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. మా పేర్లు లేవు కదా సార్ అనబోయి, ఆ సంతోషం చూసి ఊరుకున్నాను.

నాయన పోయాక కేబుల్ ఉద్యోగం మానేసి, కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరాను. సార్ రిటైరయ్యారు. రిటైరైన ఆరు నెలలకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఒకే ఒక్క మాట మిగిలింది. "సరే."

మొదటిసారి చూడడానికి వెళ్ళినప్పుడు నన్ను గుర్తుపట్టారు. కళ్ళు చెప్పాయి. ఏదో చెప్పాలని చాలా ప్రయత్నించారు. నోరు తెరిస్తే "సరే, సరే" అనే వచ్చింది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతూ మళ్ళీ "సరే" అన్నారు. ఎడమ చేతిలో పెన్సిలు పెట్టాను. కాగితం కదలకుండా పట్టుకున్నాను. ఒక గీత గీశారు. నా ముఖంలోకి చూశారు. అర్థమైందా అని అడుగుతున్నట్టు. నాకు అర్థం కాలేదు. ఇంకో గీత గీశారు. అరగంట అలా గడిచింది. ఏ మర తిప్పమన్నా తిప్పిన దాన్ని, ఆయన ఏమడుగుతున్నారో కనుక్కోలేకపోయాను. చివరికి పెన్సిలు వదిలేసి కళ్ళు మూసుకున్నారు. అలిసిపోయారు.

కిందటి నెల వెళ్ళినప్పుడు అమ్మగారు వంటింట్లో ఉన్నారు. మంచం పక్కన కూర్చొని, ఇన్నేళ్ళుగా దాచుకున్నది చెప్పేశాను.

"సార్, ఆ రోజు లేజరు సప్లై వల్ల పోలేదు. నేను ప్లగ్గు పీకలేదు. నా వల్లే పోయింది సార్."

"సరే" అన్నారు.

"మీ పని అంతా నా వల్ల ఆగిపోయింది."

"సరే, సరే."

ఎడమ చెయ్యి ఎత్తి నా చేతి మీద పెట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మగారు వచ్చి, నన్ను చూసి, నీళ్ళ గ్లాసు అందించారు.

"అన్నిటికీ అదే మాటమ్మా" అన్నారు. "తింటారా అంటే సరే. నొప్పిగా ఉందా అంటే సరే. పాలమ్మాయితో కూడా అదే."

ఆ 'సరే' నాకు చెప్పిందో, నోట్లో మిగిలిన మాట కాబట్టి వచ్చిందో ఇక తెలిసే దారి లేదు. ఆయన చెయ్యి నా చేతి మీద బరువుగా, వెచ్చగా ఉండింది. రాయగలిగింది అంతే. అది చూసింది కాబట్టి రాస్తున్నాను.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఇంటి ముందు ఇరవై మంది కూడా లేరు. యూనివర్సిటీకి వేసవి సెలవులు. చుట్టాలు, ఇరుగుపొరుగు, పాత ఉద్యోగులు ఇద్దరు. లోపల ఆళ్వార్ల పాశురాలు చదువుతున్నారు. ఆయన ముఖం ప్రశాంతంగా ఉందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం ఇంకా ఏదో చెప్పబోతున్నట్టే కనిపించింది. కాళ్ళకు దండం పెట్టి పక్కకు వచ్చేశాను.

మోసుకెళ్ళేటప్పుడు ఆడవాళ్ళం గేటు దగ్గరే ఆగిపోయాం. అమ్మగారి భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను. వీధి చివర కొండకు పోయి వచ్చిన యాత్రికుల జీపు ఒకటి దారి ఇచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. లోపలున్న వాళ్ళంతా గుండ్లతో, గంధం పూతలతో, బయటికి తొంగి చూస్తున్నారు. వాళ్ళలోంచి ఒక ముసలామె చెప్పులు జీపులోనే వదిలేసి దిగింది. ఎవరు పోయారో ఏ ఊరివాళ్ళో ఆమెకు తెలియదు. ఎవరినీ అడగలేదు కూడా. వెనకాల నాలుగడుగులు నడిచి, మలుపు దగ్గర ఆగి చేతులు జోడించింది.

మనుషులు మలుపు తిరిగిపోయారు. జీపు మళ్ళీ స్టార్టు చేశారు. లోపలి నుంచి "అమ్మా, రా" అని పిలిచారు. ఆమె కదలలేదు. కాలుతున్న తారు మీద ఒట్టి కాళ్ళతో, గుండు మీద గంధం ఎండి బీటలు వారుతుండగా, ఖాళీ అయిన రోడ్డు వైపు చూస్తూ అలాగే నిలబడి ఉంది. గేటు దగ్గర మేమూ నిలబడే ఉన్నాం.